ఆఫీసు ఏడీలోంచి ఏ అకౌంట్లు క్లౌడ్‌కి పోవాలి? ఎంట్రా కనెక్ట్‌లో ఎంచుకునే పద్ధతి

ఆదోనిలో జిన్నింగ్ మిల్లు ఆఫీసు సిస్టమ్స్ చూసే తమ్ముడొకడు, కడపలో ఆస్పత్రి ఐటీ చూసుకునే మేడమ్ ఒకరు, అనంతపురంలో కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జి సార్ ఇంకొకరు. ముగ్గురూ అడిగింది ఒకటే. "అన్నా, సింక్ పెట్టినాం, పని చేస్తోంది, కానీ సర్వర్‌లో ఉన్న అందరూ మైక్రోసాఫ్ట్ 365లోకి వచ్చేసినారు. బ్యాకప్ అకౌంట్ వచ్చింది, స్కానర్ అకౌంట్ వచ్చింది, మూడేళ్ల కింద మానేసినోళ్లు కూడా వచ్చినారు. కావాల్సినోళ్లను మాత్రమే పంపేదెట్లా?"

ఫోన్‌లో చెప్తే సగం వాళ్లు మర్చిపోతారు, సగం నేను మర్చిపోతాను. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

ఇది ఆఫీసులో సొంత విండోస్ సర్వర్, అందులో యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు అకౌంట్లన్నీ ఉండే జాబితా, ఇకపై ఏడీ అంటాను) పెట్టుకుని, అక్కడి అకౌంట్లను మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీకి (మైక్రోసాఫ్ట్ 365 వెనక ఉండే క్లౌడ్ అకౌంట్ల జాబితా) పంపుతున్నవాళ్ల కోసం. పంపే సాఫ్ట్‌వేర్ ఎంట్రా కనెక్ట్ సింక్. 2023లో పేర్లు మార్చకముందు దీన్నే అజూర్ ఏడీ కనెక్ట్ అనేవాళ్లం, మీ డెస్క్‌టాప్ మీద ఐకాన్ ఇప్పటికీ పాత పేరుతోనే ఉంటే వెర్షన్ కూడా పాతదే అని అర్థం, ముందు అది అప్‌గ్రేడ్ చేసుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి

థియరీ ఇంతే, ఇది దాటి ఏమీ చెప్పను. సింక్‌కి ఒక పరిధి ఉంటుంది. పరిధిలో ఉన్న అకౌంట్ క్లౌడ్‌లో ఉంటుంది. పరిధి దాటి బయటికి పోయిన అకౌంట్‌ను క్లౌడ్‌లో డిలీట్ చేస్తుంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, "టిక్ తీసేస్తే సింక్ ఆగిపోతుంది, పాతది అట్లే ఉంటుంది కదా" అనుకుంటారు. ఉండదు. డిలీట్ అవుతుంది.

నేను కూడా దీన్ని చదివి నేర్చుకోలేదు, దెబ్బ తిని నేర్చుకున్నా. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయింది కదా, అప్పుడు నేను చూసే ఒక ఆఫీసులో "మనం కూడా బ్రాంచిలను జిల్లా ప్రకారం విడగొడదాం" అన్నారు. ఏడీలో అప్పటిదాకా కర్నూలు అనే ఒకే ఓయూలో (ఏడీలో అకౌంట్లను సర్ది పెట్టే ఫోల్డర్ లాంటిది) అందరూ ఉండేవాళ్లు. నేను పక్కన నంద్యాల అని కొత్త ఓయూ సృష్టించి, సాయంత్రం ఆరింటికి 41 అకౌంట్లను మౌస్‌తో లాగి అందులో పడేసి ఇంటికి పోయా. సింక్‌లో టిక్ ఉన్నది కర్నూలు ఓయూకి మాత్రమే. కొత్త దానికి లేదు. పొద్దున్నే ఉగ్గాని ప్లేటు చేతిలో ఉండగా ఫోన్. "అన్నా, నంద్యాల వాళ్ల మెయిళ్లన్నీ యాడికి పాయెన్నా?" ప్లేటు అట్లే పెట్టి లేచా.

ఆ రోజు అందరి మెయిళ్లూ వెనక్కి వచ్చాయి, ఎలాగో చివర్లో చెప్తా. కానీ ఈ మొత్తం గైడ్ ఆ పొద్దుటి ఫోన్ మీకు రాకుండా ఉండడానికే.

కావలసినవి

- ఎంట్రా కనెక్ట్ ఉన్న సర్వర్‌లో అడ్మిన్‌గా లాగిన్ అయ్యే హక్కు. ఆ సర్వర్‌లోని ఏడీసింక్ అడ్మిన్స్ గ్రూపులో మీరు ఉండాలి.
- క్లౌడ్ వైపు హైబ్రిడ్ ఐడెంటిటీ అడ్మినిస్ట్రేటర్ రోల్ ఉన్న అకౌంట్. గ్లోబల్ అడ్మిన్ ఉన్నా సరే.
- క్లౌడ్‌లోనే పుట్టిన, ఏడీతో సంబంధం లేని గ్లోబల్ అడ్మిన్ అకౌంట్ కనీసం ఒకటి, కుదిరితే రెండు, డాట్ ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్‌తో ముగిసేవి. ఇవి లేకపోతే ఈ పని ఇవాళ మొదలుపెట్టొద్దు. సింక్ తిక్కగా తిరిగి మీ అడ్మిన్ అకౌంటే డిలీట్ అయితే లోపలికి పోయే దారి ఉండాలి కదా.
- ఏడీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్, ఎక్సెల్, ఒక టెస్ట్ యూజర్.
- రెండు మూడు గంటల టైమ్. పని రోజున పొద్దున పదకొండు తర్వాత చేయండి. శనివారం రాత్రి ఎవరూ లేనప్పుడు చేద్దాం అనుకుంటారు కానీ, తప్పు జరిగితే చెప్పేవాళ్లు కూడా అప్పుడు ఉండరు, సోమవారం దాకా మీకు తెలియదు.

1. ముందు కాగితం, తర్వాతే కంప్యూటర్

పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే కిటికీ) గెట్ హైఫన్ ఏడీయూజర్ కమాండ్‌తో అందరి జాబితా తీసి ఎక్సెల్‌లో పెట్టుకోండి (కమాండ్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేది ఇంగ్లీషులోనే). పేరు, లాగిన్ పేరు, యూపీఎన్ (మెయిల్ అడ్రసులా కనబడే లాగిన్ పేరు), మెయిల్, ఏ ఓయూ, అకౌంట్ ఎనేబుల్‌లో ఉందా, చివరి లాగాన్ తేదీ. ఇన్ని కాలమ్‌లు చాలు. చివరి లాగాన్ తేదీని అక్షరాలా నమ్మొద్దు, లాస్ట్‌లాగాన్‌డేట్ అనేది రెండు వారాల వరకు వెనకబడి ఉండొచ్చు. ఆరు నెలల కిందటి తేదీ కనబడితే మాత్రం అనుమానించాల్సిందే.

పక్కన ఒక ఖాళీ కాలమ్ పెట్టి ప్రతి వరుసకీ "పోవాలి" లేదా "వద్దు" అని మీ చేత్తో రాయండి. రెండు మూడు వందల అకౌంట్లకి ఒక మధ్యాహ్నం పడుతుంది. విసుగే, కానీ అసలు పని ఇదే, మిగతాదంతా టిక్కులు పెట్టడమే.

పోవాల్సినవి: మెయిల్, టీమ్స్, వన్‌డ్రైవ్ వాడే మనుషులు. వాళ్లు ఉండే గ్రూపులు, క్లౌడ్‌లో ఆ గ్రూపులతో పని ఉంటే. ల్యాప్‌టాప్‌లను హైబ్రిడ్ జాయిన్ (ఏడీలోనూ క్లౌడ్‌లోనూ రెండు చోట్లా నమోదు) చేస్తున్నట్లయితే ఆ కంప్యూటర్ అకౌంట్లు కూడా, ఇది చాలామంది మర్చిపోతారు.

వద్దు అనాల్సినవి: బ్యాకప్, యాంటీవైరస్, టాలీ సర్వర్ లాంటి సర్వీసు అకౌంట్లు. కాలేజీ ల్యాబుల్లో ల్యాబ్ 1, ల్యాబ్ 2 అని అందరూ కలిసి వాడే అకౌంట్లు. డొమైన్ అడ్మిన్ అకౌంట్లు. వీటి మీద నాకు రెండో మాట లేదు. ఆఫీసు సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న అకౌంట్‌కి ఇంటర్నెట్‌లో లాగిన్ పేజీ ఎందుకు?

జాగ్రత్తగా చూడాల్సినది ఒకటుంది. డిసేబుల్ అయిన అకౌంట్లన్నీ చెత్త కాదు. షేర్డ్ మెయిల్‌బాక్స్‌ల వెనక ఉండేవి చాలావరకు డిసేబుల్ అకౌంట్లే. కడప మేడమ్ గారి దగ్గర అపాయింట్‌మెంట్ల మెయిల్‌బాక్స్ అలాంటిదే, "డిసేబుల్‌లో ఉంది కదా, తీసేద్దాం" అని మూల ఓయూకి తోసే ముందు నాకు ఫోన్ చేశారు కాబట్టి సరిపోయింది.

బిల్ట్ ఇన్ అడ్మినిస్ట్రేటర్, డొమైన్ యూజర్స్ గ్రూపు లాంటివి ఏమైపోతాయో అని టెన్షన్ వద్దు. వాటిని ఎంట్రా కనెక్ట్ డిఫాల్ట్‌గానే పంపదు.

2. ఏ జల్లెడ వాడాలి?

నాలుగు రకాలు ఉన్నాయి. డొమైన్ వారీగా, ఓయూ వారీగా, గ్రూపు వారీగా, ఆట్రిబ్యూట్ (అకౌంట్‌లో ఉండే ఒక్కో వివరం) వారీగా.

మన దగ్గర చాలా ఆఫీసులకి ఒకటే డొమైన్ ఉంటుంది, కాబట్టి మొదటిది వదిలేయండి.

గ్రూపు వారీ అనేది వినడానికి బాగుంటుంది, "క్లౌడ్ యూజర్స్ అని ఒక గ్రూపు పెట్టి అందులో వేస్తే పోలా" అనిపిస్తుంది. వద్దు. అది పైలట్ కోసం, అంటే నలుగురైదుగురితో పరీక్షించడానికి మాత్రమే ఉద్దేశించినది. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ పద్ధతిలో మాత్రమే పెట్టుకోగలం, ఒకసారి తీసేస్తే మళ్లీ పెట్టలేం. పైగా గ్రూపులో నేరుగా ఉన్న సభ్యులనే చూస్తుంది, గ్రూపులో గ్రూపు ఉంటే లోపలి గ్రూపులోని మనుషులను పట్టించుకోదు. అనంతపురం సార్ ఇరుక్కున్నది ఇక్కడే, డిపార్ట్‌మెంట్ గ్రూపులన్నీ కలిపి ఒక పెద్ద గ్రూపులో వేసి "ఒక్కరూ రాలేదేంటి" అని రెండు రోజులు కూర్చున్నారు.

ఓయూ వారీ పద్ధతే పట్టుకోండి. కంటికి కనబడుతుంది, మీరు ఉద్యోగం మారినా తర్వాత వచ్చేవాళ్లకి అర్థమవుతుంది. ఓయూతో విడదీయలేని ఒకటో రెండో అకౌంట్ల కోసం ఆట్రిబ్యూట్ పద్ధతి, అది కింద 7లో ఉంది.

3. ఏడీలో ఇల్లు సర్దడం

పైన ఒక ఓయూ, పేరు క్లౌడ్ అనుకోండి. దాని లోపల కర్నూలు, నంద్యాల, ఆదోని అని బ్రాంచిలు. దాని పక్కన ఇంకో ఓయూ, లోకల్ అని. సర్వీసు అకౌంట్లు, అడ్మిన్‌లు, ల్యాబ్ అకౌంట్లు అందులో. బ్రాంచిలు పెరిగినా క్లౌడ్ గొడుగు కిందే పెరగాలి, నేను నంద్యాలను పక్కన పెట్టినట్టు పక్కన పెట్టకూడదు.

హెచ్చరిక: సింక్ ఇప్పటికే నడుస్తుంటే ఇంకా ఎవరినీ కదిలించొద్దు. ఖాళీ ఓయూలు మాత్రం సృష్టించుకోండి. ముందు 4 చేయాలి, కదిలించడం ఆ తర్వాత. ఇంకో సంగతి, ఓయూ మారితే ఆ అకౌంట్‌కి వచ్చే గ్రూప్ పాలసీలు (సర్వర్ నుంచి వచ్చే సెట్టింగులు) కూడా మారతాయి, పాత ఓయూకి తగిలించిన పాలసీలను కొత్తదానికి కూడా తగిలించండి. లేకపోతే మ్యాప్ డ్రైవులు పోయాయి, ప్రింటర్ పోయింది అని అదొక గోల.

ఈ పనిలో ఉండగానే యూపీఎన్ కాలమ్ కూడా చూడండి. చివర డాట్ లోకల్ అని ఉంటే క్లౌడ్‌లో ఆ యూజర్ ఆన్‌మైక్రోసాఫ్ట్ పేరుతో తేలుతాడు. ఏడీ డొమైన్స్ అండ్ ట్రస్ట్స్‌లో మీ అసలు డొమైన్‌ను సఫిక్స్‌గా చేర్చి, అకౌంట్లకు దాన్ని మార్చి, అదే డొమైన్ క్లౌడ్‌లో వెరిఫై అయి ఉందో లేదో చూసుకోండి. డూప్లికేట్ మెయిల్ అడ్రసులు పట్టుకోవడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్ ఐడీఫిక్స్ ఒకసారి నడపండి.

4. సింక్‌ను ఆపండి, గొళ్లెం బిగించండి

డిఫాల్ట్‌గా సింక్ ప్రతి 30 నిమిషాలకు నడుస్తుంది. మీరు సగం పనిలో ఉండగా అది నడిస్తే సగం పనినే క్లౌడ్‌కి పంపుతుంది. అందుకని సింక్ సర్వర్‌లో పవర్‌షెల్‌ను అడ్మిన్‌గా తెరిచి, సెట్ హైఫన్ ఏడీసింక్‌షెడ్యూలర్ కమాండ్‌తో సింక్‌సైకిల్‌ఎనేబుల్డ్ విలువను ఫాల్స్ చేయండి. తర్వాత గెట్ హైఫన్ ఏడీసింక్‌షెడ్యూలర్ కొట్టి, నిజంగా ఫాల్స్ అయిందా, ఇప్పుడు ఏ సైకిలూ నడవడం లేదా అని కళ్లతో చూడండి. ఆపి ఉంచామని మానిటర్ మీద ఒక కాగితం అంటించండి. నవ్వొద్దు, ఆపినవాళ్లలో సగం మంది మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతారు.

ఇక గొళ్లెం సంగతి. పొరపాటున పెద్ద ఎత్తున డిలీట్లు పోకుండా ఎంట్రా కనెక్ట్‌లో ఒక రక్షణ ఉంది. ఒకే విడతలో 500 కంటే ఎక్కువ డిలీట్లు వస్తే ఎక్స్‌పోర్ట్‌ను (క్లౌడ్‌కి పంపడాన్ని) ఆపేస్తుంది. బాగుంది, కానీ మీ ఆఫీసులో ఉన్నదే 300 మంది అయితే? అందరూ పోయినా అది నోరు మెదపదు. నా 41 మంది పోయినప్పుడు అది చూస్తూ కూర్చుంది, దాని లెక్కలో 41 ఏమంత పెద్ద సంఖ్య కాదు. కాబట్టి మీ సైజుకి తగ్గట్టు తగ్గించుకోండి. ఎనేబుల్ హైఫన్ ఏడీసింక్‌ఎక్స్‌పోర్ట్‌డిలీషన్‌థ్రెషోల్డ్ కమాండ్, దానికి డిలీషన్‌థ్రెషోల్డ్ విలువగా 10 ఇవ్వండి. క్లౌడ్ అడ్మిన్ లాగిన్ అడుగుతుంది, ఇవ్వండి. మూడు వందల మంది ఆఫీసులో ఒకే అరగంటలో పదిమంది కంటే ఎక్కువ ఉద్యోగం మానేయరు కదా.

ఈ రెండూ అయ్యాక, ఇప్పుడు 1లో రాసుకున్న జాబితా ప్రకారం అకౌంట్లను క్లౌడ్, లోకల్ ఓయూలలోకి కదిలించండి.

5. విజార్డ్‌లో టిక్కులు

- డెస్క్‌టాప్ మీద ఎంట్రా కనెక్ట్ తెరవండి, కాన్ఫిగర్ నొక్కండి. విజార్డ్ తెరిచి ఉన్నంతసేపు సింక్ నడవదు, తెరిచి పెట్టి మర్చిపోయి ఇంటికి పోతే పొద్దుటిదాకా అట్లే ఆగి ఉంటుంది.
- కస్టమైజ్ సింక్రనైజేషన్ ఆప్షన్స్ ఎంచుకోండి, క్లౌడ్ లాగిన్ ఇవ్వండి.
- డొమైన్ అండ్ ఓయూ ఫిల్టరింగ్ పేజీ వచ్చేదాకా నెక్స్ట్ కొట్టండి.
- సింక్ సెలెక్టెడ్ డొమైన్స్ అండ్ ఓయూస్ ఎంచుకుని, పైనున్న టిక్ మొత్తం తీసేసి, క్లౌడ్ ఓయూకి మాత్రం పెట్టండి. హైబ్రిడ్ జాయిన్ ఉంటే కంప్యూటర్లు ఉన్న ఓయూకి కూడా.
- ప్రతి ఓయూ పక్కన ఉన్న బాణం నొక్కి విప్పి చూడండి. లోపల ఏదైనా చిన్న ఓయూ టిక్ లేకుండా మిగిలిందేమో పైకి కనబడదు.
- చివరి పేజీలో, కాన్ఫిగరేషన్ అయ్యాక సింక్ మొదలుపెట్టు అనే పెట్టెలో టిక్ తీసేయండి. తీయకపోతే తర్వాతి అడుగు చేసే అవకాశమే మీకు ఉండదు.

ఇంకా మొదటిసారి ఇన్‌స్టాల్ చేయబోతున్నవాళ్లు: ఎక్స్‌ప్రెస్ సెట్టింగ్స్ కొడితే అన్ని ఓయూలూ పోతాయి. ఎక్స్‌ప్రెస్సే కావాలనుకుంటే చివరి పేజీలో ఇదే టిక్ తీసేసి, ముగించి, మళ్లీ విజార్డ్ తెరిచి ఓయూలు ఎంచుకోవచ్చు.

6. పంపకముందే చూడండి

ఇది దాటేస్తారనే నా భయం. దాటొద్దు.

సర్వర్‌లో స్టార్ట్ మెనూ నుంచి సింక్రనైజేషన్ సర్వీస్ తెరవండి. కనెక్టర్స్ ట్యాబ్‌లో రెండు కనబడతాయి, ఒకటి మీ ఏడీ డొమైన్ పేరుతో, ఇంకోటి క్లౌడ్‌ది, దాని పేరు చివర ఏఏడీ అని ఉంటుంది.

ఏడీ కనెక్టర్ మీద రైట్ క్లిక్, రన్, ఫుల్ ఇంపోర్ట్. అయ్యేదాకా ఆగండి. మళ్లీ రన్, ఈసారి డెల్టా సింక్రనైజేషన్, అంటే మారినవాటిని మాత్రమే చూసేది. (ఓయూ మార్చినప్పుడు ఈ వరుస. ఆట్రిబ్యూట్ రూల్ మార్చినప్పుడు మాత్రం ఫుల్ సింక్రనైజేషన్ కావాలి.) ఇప్పటిదాకా జరిగిందంతా మీ సర్వర్ లోపలే, క్లౌడ్‌కి ఒక్క ముక్క కూడా పోలేదు.

ఇప్పుడు క్లౌడ్ కనెక్టర్ మీద రైట్ క్లిక్, సెర్చ్ కనెక్టర్ స్పేస్. స్కోప్ దగ్గర పెండింగ్ ఎక్స్‌పోర్ట్ ఎంచుకోండి. కింద యాడ్, మాడిఫై, డిలీట్ అని మూడు పెట్టెలు. మొదట డిలీట్ ఒక్కదానికే టిక్ పెట్టి సెర్చ్ కొట్టండి.

వచ్చిన జాబితాలో ఎవరెవరు ఉన్నారో డబుల్ క్లిక్ చేసి ఒక్కొక్కటి తెరిచి చూడండి, బయట కనబడేది పొడవాటి అక్షరాల గుంపు, దాన్నిబట్టి మనిషిని గుర్తుపట్టలేం. లోపల డిస్‌ప్లే పేరు, యూపీఎన్ ఉంటాయి. మీ ఎక్సెల్‌లో "వద్దు" అని రాసినవాటితో సరిపోలాలి. సంఖ్య కూడా సరిపోవాలి. ఎక్సెల్‌లో వద్దు అన్నవి 37, వాటిలో ఇప్పుడు క్లౌడ్‌లో ఉన్నవి 29 అయితే, డిలీట్లు 29 మాత్రమే రావాలి, కంప్యూటర్లు, గ్రూపులు ఏవైనా తీసేశారంటే వాటి లెక్క అదనం. 30 వస్తే ఆ ముప్పయ్యోది ఎవరో తెలిసేదాకా కుర్చీ లేవొద్దు. నాకు ఒకసారి ఆ అదనపు ఒక్కటి యజమాని గారి అకౌంట్, ఎప్పుడో ఎవరో దాన్ని విడిగా వేరే ఓయూలో పెట్టారు.

తర్వాత యాడ్ ఒక్కదానికే టిక్ పెట్టి చూడండి. కొత్తగా ఎవరైనా పోతుంటే వాళ్లు నిజంగా పోవాల్సినవాళ్లేనా అని.

అకౌంట్లు వేలల్లో ఉంటే చేత్తో తెరవడం కుదరదు, అప్పుడు ఎంట్రా కనెక్ట్ ఫోల్డర్‌లోనే ఉండే సీఎస్‌ఎక్స్‌పోర్ట్, సీఎస్‌ఎక్స్‌పోర్ట్ అనలైజర్ అనే రెండు టూల్స్‌తో ఈ పెండింగ్ జాబితా మొత్తాన్ని ఎక్సెల్‌లో తెరవగలిగే ఫైలుగా తీసుకోవచ్చు.

అంతా సరిపోయింది, డిలీట్లు మాత్రం గొళ్లెం సంఖ్య 10 కంటే ఎక్కువ. సహజమే, మొదటిసారి శుభ్రం చేస్తున్నారు కాబట్టి. అప్పుడు ఆ హద్దును ఈ ఒక్కసారికి మీ లెక్క మీద ఒకటి ఎక్కువగా పెట్టండి, 29 అయితే 30. పూర్తిగా డిసేబుల్ చేయొద్దు. పని అయ్యాక మళ్లీ 10కి దించండి.

ఇప్పుడు క్లౌడ్ కనెక్టర్ మీద రన్, ఎక్స్‌పోర్ట్. ఆపరేషన్స్ ట్యాబ్‌లో సక్సెస్ అని రావాలి. డిలీషన్ థ్రెషోల్డ్ దాటింది అని ఆగితే భయపడకండి, అది తన పని తను చేసింది, లెక్క మళ్లీ చూడండి. ఆ తర్వాత షెడ్యూలర్‌ను మళ్లీ ట్రూ చేసి, స్టార్ట్ హైఫన్ ఏడీసింక్‌సింక్‌సైకిల్ కమాండ్‌ను డెల్టా పాలసీతో ఒకసారి నడిపి, మానిటర్ మీద అంటించిన కాగితం చింపేయండి.

ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లో యూజర్ల పేజీకి పోయి, ఆన్ ప్రెమిసెస్ సింక్ ఎనేబుల్డ్ అనే కాలమ్ చేర్చి చూడండి. యెస్ ఉన్నవాళ్ల సంఖ్య మీ "పోవాలి" జాబితాలోని యూజర్ల సంఖ్యతో కలవాలి. టెస్ట్ యూజర్‌ను లోకల్ ఓయూ నుంచి క్లౌడ్ ఓయూకి కదిలించి అరగంటలో క్లౌడ్‌లో ప్రత్యక్షమవుతాడో లేదో చూడండి, మళ్లీ వెనక్కి లాగి, పోతాడో లేదో కూడా చూడండి. రెండూ జరిగితేనే ఫిల్టర్ పని చేస్తున్నట్టు.

7. ఓయూతో కుదరని ఒకటీ అరా

కొన్ని అకౌంట్లను ఓయూ మార్చలేం, పాలసీ తెగుతుందనో, ఏదో పాత సాఫ్ట్‌వేర్ ఆ ఓయూలోనే వెతుకుతుందనో. అలాంటివాటికి రూల్ రాయాలి.

సింక్రనైజేషన్ రూల్స్ ఎడిటర్ తెరిచి, డైరెక్షన్ ఇన్‌బౌండ్‌లో ఉండగా యాడ్ న్యూ రూల్. పేరు ఏదైనా అర్థమయ్యేది పెట్టండి. కనెక్టెడ్ సిస్టమ్ మీ ఏడీ, ఆబ్జెక్ట్ టైప్ యూజర్, మెటావర్స్ టైప్ పర్సన్, లింక్ టైప్ జాయిన్. ప్రెసిడెన్స్ (ఏ రూల్ ముందో చెప్పే సంఖ్య) 100 కంటే తక్కువ, ఇంకే రూల్‌కీ లేని సంఖ్య, 50 అనుకోండి. స్కోపింగ్ ఫిల్టర్‌లో ఎక్స్‌టెన్షన్ ఆట్రిబ్యూట్ 15 ఈక్వల్ నోసింక్ అని పెట్టండి. జాయిన్ రూల్స్ ఖాళీగా వదిలేయండి. ట్రాన్స్‌ఫర్మేషన్‌లో ఫ్లో టైప్ కాన్‌స్టంట్, టార్గెట్ క్లౌడ్‌ఫిల్టర్డ్, సోర్స్ ట్రూ. సేవ్. తర్వాత ఏడీలో ఆ అకౌంట్ ఆట్రిబ్యూట్ ఎడిటర్‌లో అదే ఆట్రిబ్యూట్‌కి అదే మాట, అక్షరం తేడా లేకుండా రాయండి.

ఎక్స్‌టెన్షన్ ఆట్రిబ్యూట్లు మీ ఏడీలో కనబడకపోతే ఎప్పుడూ ఎక్స్ఛేంజ్ సర్వర్ పెట్టలేదన్నమాట, ఖాళీగా ఉన్న వేరే ఏదైనా ఆట్రిబ్యూట్ ఎంచుకోండి. డిఫాల్ట్ రూల్స్‌ను మాత్రం ఎడిట్ చేయొద్దు, కొత్తది చేర్చండి అంతే. ఇక్కడ కూడా షెడ్యూలర్ ఆపడం, ఫుల్ సింక్రనైజేషన్, పెండింగ్ చూడడం అన్నీ మామూలే.

ఇంత పెద్ద ఎంట్రా కనెక్ట్ వద్దు, చిన్న ఆఫీసు అనుకునేవాళ్లకి ఎంట్రా క్లౌడ్ సింక్ అని తేలికది ఉంది. సర్వర్‌లో చిన్న ఏజెంట్ పెడితే చాలు, ఓయూలు ఎంచుకునేది క్లౌడ్ పోర్టల్‌లోనే, ఒక్క యూజర్‌తో పరీక్షించే ప్రొవిజన్ ఆన్ డిమాండ్ కూడా ఉంది. హైబ్రిడ్ జాయిన్ కోసం కంప్యూటర్లను పంపాల్సి ఉంటే మాత్రం మార్చే ముందు ఆగి ఆలోచించండి.

ఎక్కువమంది చేసే తప్పులు

కొత్త ఉద్యోగి క్లౌడ్‌లో రాలేదని ఫోన్లు వస్తాయి. పదిలో తొమ్మిది సార్లు ఆ అకౌంట్ ఏడీలోని యూజర్స్ అనే డిఫాల్ట్ డబ్బాలో పడి ఉంటుంది. స్క్రిప్ట్‌తో సృష్టించినప్పుడు ఓయూ చెప్పకపోతే అక్కడే పడుతుంది. రీడిర్‌యూఎస్ఆర్ అనే కమాండ్‌తో ఆ డిఫాల్ట్ చోటును మీ ఓయూకి మార్చుకోవచ్చు.

గ్రూపు క్లౌడ్‌కి పోయింది కానీ సభ్యులు సగమే కనబడుతున్నారు. మిగతా సగం పరిధి బయట ఉన్నారు. మేనేజర్ పేరు ఖాళీగా ఉంటే కూడా కారణం ఇదే, ఆ మేనేజర్ అకౌంట్ పోలేదు.

యూజర్ పేరు చివర నాలుగు అంకెలు తగిలి ఆన్‌మైక్రోసాఫ్ట్ అడ్రసుతో వచ్చాడు. అదే అడ్రసు ఇంకో అకౌంట్‌కి ఉంది. ఐడీఫిక్స్ నడపమన్నది అందుకే.

మానేసినవాళ్లను అదే రోజు లోకల్ ఓయూకి లాగేస్తారు. మెయిల్‌బాక్స్ కూడా అదే రోజు పోతుంది, వారం తర్వాత మేనేజర్ వచ్చి "ఆ అబ్బాయి మెయిల్‌లో కొటేషన్ ఉండాలే" అంటాడు. ముందు డిసేబుల్ చేసి క్లౌడ్ ఓయూలోనే ఉంచండి, మెయిల్‌బాక్స్ సంగతి తేలాక కదిలించండి.

పొరపాటున డిలీట్ అయిపోతే

ముందు షెడ్యూలర్ ఆపండి. క్లౌడ్‌లో డిలీట్ అయిన యూజర్ 30 రోజులపాటు డిలీటెడ్ యూజర్స్ పేజీలో ఉంటాడు. అక్కడే శాశ్వతంగా తీసేసే బటన్ కూడా ఉంటుంది, దాని జోలికి పోవద్దు. అదే పేరుతో క్లౌడ్‌లో చేత్తో కొత్త యూజర్‌ను సృష్టించొద్దు, తొందరలో చాలామంది చేసేది ఇదే, అప్పుడు ఒక ముడి రెండు ముళ్లవుతాయి.

చేయాల్సింది సింపుల్. అకౌంట్‌ను తిరిగి టిక్ ఉన్న ఓయూలోకి తెచ్చి, లేదా ఆ ఓయూకి టిక్ పెట్టి, ఫుల్ ఇంపోర్ట్, డెల్టా సింక్, పెండింగ్‌లో యాడ్‌లు చూసుకుని, ఎక్స్‌పోర్ట్. అకౌంట్ అదే కాబట్టి క్లౌడ్‌లో ఆ పాత యూజర్‌నే లేపుతుంది, మెయిల్‌తో సహా. లైసెన్సు తిరిగి తగిలిందో లేదో ఒక్కొక్కరికి చూడండి, ఈలోపు ఆ లైసెన్సులను వేరేవాళ్లకి ఇచ్చేసి ఉంటే మిగలవు.

నంద్యాల 41 మంది అలాగే వచ్చారు, తొమ్మిదింటికి ఫోన్ వస్తే పదకొండుకల్లా అందరూ లోపల ఉన్నారు. రాత్రి నుంచి ఆ పొద్దుటిదాకా వాళ్లకు పంపినవాళ్ల మెయిళ్లు మాత్రం తిప్పికొట్టబడ్డాయి, అవి తిరిగి రావు, పంపినవాళ్లే మళ్లీ పంపాలి. 41 మందితో వాళ్ల వాళ్ల పార్టీలకు ఫోన్లు చేయించాం.